ఆవు పాలు తగ్గితే అడగాల్సింది మేతని

ఆవు పాలు తగ్గితే దిష్టి తగిలిందనడం, మేక చస్తే ఎవరో ఏదో చేశారనడం మనకి కొత్త కాదు. మా శ్రీకాకుళం వైపు దీన్ని చిల్లంగి అంటారు. తెలంగాణలో బాణామతి అన్నారు. నేనుంటున్న జార్ఖండ్‌లో అలాంటి పని చేసిందని అనుమానించిన ఆడమనిషిని డాయన్ అంటారు. పేర్లు వేరైనా తర్కం ఒక్కటే. నష్టం వచ్చింది, కారణం కనపడలేదు, కాబట్టి ఎవరో చేశారు. ఈ "కాబట్టి" దగ్గరే నాకు పేచీ. చెట్ల ఆకుల్లో ఉండే టానిన్ అనే పదార్థం గురించి నాలుగు మాటలు చెప్పి, ఆ పేచీ ఎందుకో వివరిస్తాను.

నేను సైన్సు చదివినవాణ్ణి కాదు. బీకాం. ఉద్యోగమంతా డిఫెన్స్ అకౌంట్స్‌లో గడిచింది. నాన్నగారు టాటా కంపెనీలో పనికి వచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడ్డారు. రిటైరయ్యాక నేనూ ఇక్కడి కద్మాలోని ఇంటికే చేరాను. పశువుల మేతతో నా పరిచయం బిల్లుల ద్వారానే. సైన్యానికి సొంతంగా పాడి క్షేత్రాలు ఉండేవి, మిలిటరీ ఫార్ములు అనేవారు. మొదటిది 1889లో అలహాబాద్‌లో పెట్టారు. 2021 మార్చిలో వాటిని పూర్తిగా మూసేశారు. దాణా, గడ్డి కొనుగోలు కాగితాలు నా బల్ల మీదికి కూడా కొన్నాళ్ళు వచ్చాయి. దాణా టెండర్లలో "క్రూడ్ ప్రొటీన్ ఇంత శాతానికి తగ్గరాదు" అని ఒక షరతు ఉండేది. లాబ్ రిపోర్టులో అంకె సరిపోతే బిల్లు పాసయ్యేది.

ఈ క్రూడ్ ప్రొటీన్ అనేది ఒక విచిత్రమైన అంకె. అందులో ప్రొటీన్‌ని ఎవరూ కొలవరు. 1883లో డెన్మార్క్‌కి చెందిన కెల్డాల్ కనిపెట్టిన పద్ధతిలో నత్రజనిని కొలుస్తారు. ప్రొటీన్లలో నత్రజని సగటున 16 శాతం ఉంటుంది కనుక, వచ్చిన అంకెని 6.25తో గుణించి ప్రొటీన్ అని రాసేస్తారు. 2008లో చైనాలో పాలలో మెలమైన్ కలిపినవాళ్ళు ఈ లొసుగునే వాడుకున్నారు. మెలమైన్‌లో నత్రజని మెండు, ప్రొటీన్ సున్నా. అంకె సరిపోయింది, పసిపిల్లల ప్రాణాలు పోయాయి. అక్కడ జరిగింది మోసం. అయితే ఎవరూ మోసం చెయ్యకపోయినా, నిజంగా ప్రొటీన్ ఉండి కూడా పశువుకి దక్కని సందర్భాలున్నాయి. కారణాల్లో ముఖ్యమైనది టానిన్.

టానిన్ ఏమిటో తెలుసుకోడానికి లాబరేటరీ అక్కర్లేదు. పచ్చి వక్క కొరకండి, లేదా కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోండి. నోరు బిగదీసుకుపోయి, నాలుక గరుకుగా తగులుతుంది. అదే వగరు. ఉగాది పచ్చడిలో మామిడి పిందె ముక్కల వల్ల వచ్చేది కూడా ఇదే. షడ్రుచుల్లో ఒకటిగా లెక్కపెట్టాం గానీ, నిజానికి వగరులో రుచి కన్నా స్పర్శ పాలు ఎక్కువ. మన లాలాజలంలో జారుడుగా ఉండే ప్రొటీన్లని టానిన్ పట్టుకుని ముద్ద కట్టిస్తుంది. జారుడు పోతుంది, నోరు పిడచకట్టినట్టవుతుంది.

తోలు తయారీలో జరిగేదీ ఇదే. టానిన్ అన్న మాట పుట్టింది ఆ పని నుంచే. మన ఊళ్ళలో లందలో తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ నానేసిన నీళ్ళలో పచ్చితోలు ఊరబెట్టేవారు. తోలులో ఉన్న ప్రొటీన్‌ని టానిన్ గట్టిగా పట్టుకుంటుంది. ఇక దాన్ని బాక్టీరియా కుళ్ళబెట్టలేదు. ఏ చెట్టు చెక్క ఎన్నాళ్ళు నానాలో చేతులతో నేర్చుకుని, తరతరాలుగా మనకి చెప్పులూ మోట బొక్కెనలూ ఇచ్చినవాళ్ళని ఊరి బయట ఉంచాం. ఆ సంగతి వేరే వ్యాసంలో రాయాలి.

తోలుని కుళ్ళకుండా కాపాడే పదార్థాన్ని ఆవు రోజూ తింటే ఏమవుతుంది? ఆవు కడుపులో నాలుగు అరలుంటాయి. మొదటిదీ పెద్దదీ రూమెన్. అందులో లెక్కకందనన్ని సూక్ష్మజీవులు ఉంటాయి. గడ్డిలో ఉన్న పీచుని అరిగించేది అవే. మేతలో వచ్చిన ప్రొటీన్‌ని కూడా ముందు అవే విరగ్గొట్టి, చాలా భాగాన్ని అమ్మోనియాగా మార్చి, దానితో తమ ఒళ్ళు పెంచుకుంటాయి. తర్వాత ఆ సూక్ష్మజీవులే కింది అరల్లోకి జారి ఆవుకి ఆహారమవుతాయి. అవి వాడుకోలేక మిగిలిన అమ్మోనియా రక్తంలోకి పోయి, కాలేయంలో యూరియాగా మారి, చాలావరకు మూత్రంలో పోతుంది. నా భాషలో చెప్పాలంటే మధ్యవర్తి కమీషనూ ఉంది, దారి ఖర్చూ ఉంది.

ఇప్పుడు మేతలో కాస్త టానిన్ ఉందనుకోండి. నమిలేటప్పుడు ఆకు నలిగి, అందులో ఉన్న టానిన్ ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. రూమెన్‌లో పీహెచ్ సుమారు 6, 7 మధ్య ఉంటుంది. ఆ పరిస్థితిలో ఆ ముడి ఊడదు. సూక్ష్మజీవులకి ఆ ప్రొటీన్ అందదు. నాలుగో అరలోకి వచ్చేసరికి ఆమ్లం ఎక్కువ, పీహెచ్ 3 దగ్గరికి దిగుతుంది. 3.5కి తగ్గితే ముడి విడిపోతుందని 1977లో జోన్స్, మాంగన్ అనే శాస్త్రవేత్తలు సెయిన్‌ఫాయిన్ అనే పశుగ్రాసం మీద చూపించారు. అంటే దారిలో ఖర్చయిపోవలసిన ప్రొటీన్ కొంత మిగిలి, నేరుగా ఆవుకే అందవచ్చు. ఇంకో లాభం కూడా ఉంది. లేత లూసర్న్, బర్సీమ్ ఎక్కువ తింటే రూమెన్‌లో నురుగు కట్టి కడుపు ఉబ్బి పశువులు చనిపోతాయి. టానిన్ ఉన్న సెయిన్‌ఫాయిన్ లాంటి గ్రాసాలతో ఆ ఉబ్బరం రాదు. నురుగుకి కారణమైన ప్రొటీన్‌ని టానిన్ కట్టిపడేస్తుంది.

అయితే టానిన్ మంచిదన్నమాట అని తొందరపడకండి. న్యూజీలాండ్‌లో లోటస్ జాతి గ్రాసాల మీద చేసిన పరిశోధనల్లో, మేత ఎండు బరువులో 2 నుంచి 4 శాతం టానిన్ ఉన్నప్పుడు గొర్రెలకి లాభం కనిపించింది. 5 శాతం దాటాక తిండే తగ్గింది. మొక్కని బట్టి, టానిన్ రకాన్ని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి. మోతాదు మించితే అది మేతలోని ప్రొటీన్‌తో ఆగదు. సూక్ష్మజీవుల ఎంజైములనీ పట్టుకుంటుంది. దాంతో పీచు అరగడం తగ్గుతుంది. నోరు వగరెక్కి పశువు మేత వదిలేస్తుంది. విడిపోని ముడులు పేడలో బయటికి పోతాయి. లాబ్ రిపోర్టులో మాత్రం ఆ ప్రొటీన్ భేషుగ్గా కనిపిస్తూనే ఉంటుంది, ఖాతా పుస్తకంలో ఆస్తిగా రాసుకున్న మొండిబాకీ లాగ.

దీనికి మంచి ఉదాహరణ మా జార్ఖండ్ అడవుల్లోనే ఉంది. ఇక్కడ సాలవృక్షం ముఖ్యమైన చెట్టు. సర్హూల్ పండగలో పూజకి ఆ పువ్వే కావాలి. ఎండాకాలంలో ఆదివాసులు సాల గింజలు ఏరి అమ్ముతారు. గింజల్లోంచి తీసిన కొవ్వుని చాక్లెట్లలో కోకో వెన్నకి బదులు వాడతారు. మిగిలిన పిండిని దాణాలో కలపవచ్చా అని మన దేశంలో చాలా ప్రయోగాలు చేశారు. ఆ పిండిలో క్రూడ్ ప్రొటీన్ సుమారు 8, 9 శాతం. టానిన్లు కూడా ఇంచుమించు అంతే. పశువుకి అరిగే ప్రొటీన్ దాదాపు సున్నా. అందుకే దాన్ని కొద్దిగానే కలుపుతారు.

టానిన్లలో రెండు జాతులున్నాయని కూడా గుర్తుంచుకోవాలి. ఒకటి పైన చెప్పిన, పేగుల్లోనే ఉండిపోయే సాంద్ర టానిన్లు. రెండోది కడుపులో విరిగిపోయే జాతి, కరక్కాయలో ఉన్నది ఇదే. ఆ విరిగిన ముక్కలు రక్తంలోకి చేరతాయి. హిమాలయ ప్రాంతాల్లో సింధూర జాతి చెట్ల ఆకులే తిని బతకాల్సి వచ్చినప్పుడు పశువుల మూత్రపిండాలు దెబ్బతిని చనిపోయిన ఉదంతాలున్నాయి. ఆ ఆకుల మీద మన శాస్త్రవేత్త హరీందర్ మక్కర్ చాలా పనిచేశారు. పాలీఎథిలీన్ గ్లైకాల్ కలిపితే టానిన్ ప్రొటీన్‌ని వదిలి దాన్ని పట్టుకుంటుందన్న కిటుకుని పశుపోషణ పరిశోధనలో విస్తారంగా వాడినవాళ్ళలో ఆయన ఒకరు. ప్రకృతిసిద్ధమైనది ఏదైనా మంచిదే అనేవాళ్ళు ఈ రెండో జాతి గురించి ఒకసారి ఆలోచించాలి.

మరి అడవిలో ఆకులు తినే జంతువులు ఎలా బతుకుతున్నాయి? కొన్ని జింక జాతుల లాలాజలంలో టానిన్‌ని ముందే పట్టేసుకునే ప్రత్యేక ప్రొటీన్లున్నాయి. ఆవుకీ గొర్రెకీ ఆ ఏర్పాటు లేదు. 1994లో ఆస్ట్రేలియాలో తుమ్మ జాతి ఆకులు మేసే అడవి మేకల రూమెన్‌లో టానిన్‌ని తట్టుకునే బాక్టీరియాని కనుక్కున్నారు. అన్నిటికన్నా పెద్ద రక్షణ మాత్రం ఎంపిక చేసుకునే స్వేచ్ఛ. మేక ఒక చెట్టు దగ్గర నాలుగు ఆకులు తిని ఇంకో చెట్టు దగ్గరికి పోతుంది. మన కాపరులు కూడా రకరకాల మండలు కొట్టి వేస్తారు. ఇది వేదాల్లోంచి వచ్చిన జ్ఞానం కాదు, మందల వెంట తిరిగి నేర్చుకున్నది.

దక్షిణాఫ్రికా కుడూల కథ మీకు వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. తుమ్మ చెట్లు గాలి ద్వారా ఒకదానికొకటి కబురు పంపుకుని, ఆకుల్లో టానిన్ పెంచి ఆ జింకల్ని చంపేశాయని అందులో ఉంటుంది. 1980లలో కంచె వేసిన క్షేత్రాల్లో కుడూలు చావడం నిజం. టానిన్ ఎక్కువైన ఆకులే కారణమని ప్రిటోరియా విశ్వవిద్యాలయానికి చెందిన వాన్ హోవెన్ చెప్పారు. చెట్ల కబుర్ల భాగానికి మాత్రం అంత గట్టి ఆధారాలు లేవు. అసలు సంగతి చాలా మామూలుది. కరువు, మందలు ఎక్కువ, చుట్టూ కంచె, తినడానికి వేరే ఆకు లేదు. అద్భుతం జోడిస్తే కథ బాగా తిరుగుతుంది, కంచె సంగతి మరుగున పడుతుంది.

కంచె లేకపోయినా ఎంపిక లేని పరిస్థితి మా పక్కనే ఉంది. మా వీధిలో పాలు పోసే అతనిది సువర్ణరేఖ అవతల దల్మా కొండల దిగువన ఒక ఊరు. రెండు ఆవులున్నాయి. కొన్నేళ్ళ కిందట వైశాఖంలో అతను పాలు సగానికి సగం తగ్గించేశాడు. అడిగితే, ఊళ్ళో ఓఝా వచ్చి చూసి, పక్కింటి ముసలామె కన్ను పడిందని చెప్పాడన్నాడు. ఆమె విధవరాలు, కొడుకులు లేరు, ఇంటి వెనక కొంచెం భూమి ఉంది. పంచాయితీ పెడతారట. పూజ ఖర్చులు ఆమే ఇవ్వాలట. ఆ మాట అతను చాలా మామూలుగా చెప్పాడు.

మా పొరుగింటి తెలుగావిడ కూడా అక్కడే పాలు పోయించుకుంటోంది. "అన్నయ్యగారూ, మీరు అన్నిటికీ లెక్కలు కడతారు. దిష్టికి లెక్కేమిటండీ? కొందరి చూపు అలాంటిది" అంది. నేను ఆవిడతో వాదన పెట్టుకోలేదు. పాలతన్ని ఒక్కటే అడిగాను, "ఆవులకి ఏం వేస్తున్నావు?" గడ్డి ఎక్కడిది బాబూ, ఎండిపోయింది, వరిగడ్డి అయిపోయింది, రెండు నెలలుగా పనస, నేరేడు, మామిడి కొమ్మలు కొట్టి వేస్తున్నాను అన్నాడు. మూడూ వగరు ఆకులే. చిటికెడు తెలగపిండి కూడా లేదు.

ఆ ఆదివారం మా సంఘం మిత్రులు ఇద్దరం, ఒక ప్రభుత్వ పశువైద్యుడు కలిసి వెళ్ళాం. ఆవులు చిక్కిపోయాయి, పేడ గట్టిగా ఉంది, చర్మంలో నిగనిగ లేదు. డాక్టరు గారు జాగ్రత్తగా మాట్లాడారు. "ఎండ ఉంది, నీళ్ళు తక్కువ, ఒక ఆవు ఈని చాలా నెలలైంది, పొట్టలో పురుగులుండొచ్చు. వీటికి తోడు ఇన్ని వగరు ఆకులు. ఏది ఎంత అని ఈ అరుగు మీద కూచుని చెప్పలేను. మేత మాత్రం ముందు మార్చాలి" అన్నారు. పురుగుల మందు ఇచ్చారు. ఆకు తగ్గించి, ఎండుగడ్డి ఎక్కడైనా కొని, తవుడూ కొంచెం తెలగపిండీ ఉప్పూ కలపమన్నారు. నెల తిరిగేసరికి పాలు కొంత పెరిగాయి. ఆ నెలలోనే వానలు పడి పచ్చగడ్డి కూడా వచ్చింది. కాబట్టి ఇది టానిన్‌కి రుజువని నేను ఎక్కడా చెప్పుకోను.

అయినా పాలతను పంచాయితీకి వెళ్ళి తన ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. అందుకు అతనికి నిజంగా ధైర్యం కావాలి. ముసలామె మాత్రం అప్పటికే కూతురి ఊరికి వెళ్ళిపోయింది. కోతలయ్యాక తిరిగొచ్చింది. కొన్ని ఇళ్ళవాళ్ళు ఇప్పటికీ ఆమెతో మాట్లాడరట.

మా సంఘంలో ఒక కుర్ర మిత్రుడు నన్నడిగాడు, "మేత వల్ల కాదని తేలి ఉంటే ఏం చేసేవారండీ?" అని. మంచి ప్రశ్న. నా ఉద్యోగంలో జరిగిన ఒక సంగతి అతనికి చెప్పాను. ఒక చోట గడ్డి నిల్వలో తరుగు వచ్చింది. కొన్న తూకానికీ ఉన్న తూకానికీ చాలా తేడా. అందరి వేళ్ళూ గోదాం దగ్గర పనిచేసే అతి చిన్న జీతగాడి వైపు చూపించాయి. కాగితాలు తీసి చూస్తే గడ్డి తడిగా ఉన్నప్పుడు తూచి తీసుకున్నారు, ఎండాక మళ్ళీ తూచారు. పోయింది నీళ్ళు. ఒకవేళ తేమ సంగతి కాగితాల్లో దొరక్కపోతే? అప్పుడు రాయాల్సింది "తరుగుకి కారణం తేలలేదు" అని. అంతేగాని, "కారణం తేలలేదు కాబట్టి జీతగాడు తీశాడు" అని కాదు. నేరం మోపాలంటే దానికి వేరే ఆధారం కావాలి. ముసలామె విషయంలోనూ అంతే. ఆమె నిర్దోషిత్వం మా టానిన్ వివరణ మీద ఆధారపడి లేదు, ఉండకూడదు కూడా.

ఇది చిన్న విషయం కాదని ఇక్కడివాళ్ళకి తెలుసు. డాయన్ నింద మీద మన దేశంలో మొదట చట్టం చేసిన రాష్ట్రం బీహార్, 1999లో. ఆ చట్టం కోసం జంషెడ్‌పూర్‌లోని ఫ్రీ లీగల్ ఎయిడ్ కమిటీ గట్టిగా కృషి చేసింది. విడిపోయాక 2001లో జార్ఖండ్ కూడా దాన్ని తీసుకుంది. ఒక స్త్రీని డాయన్ అని ముద్రవేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. శిక్ష చాలా తక్కువనే విమర్శ సరైనదే. మా పక్కనే ఉన్న సరాయికేలా-ఖర్సావాన్ జిల్లాకి చెందిన ఛుట్నీ మహతోని 1995లో డాయన్ అని హింసించారు. ఆమె తప్పించుకుని బయటపడి, తనలాంటి ఎందరో స్త్రీలకి అండగా నిలిచింది. 2021లో పద్మశ్రీ వచ్చింది. అలా బయటపడలేనివాళ్ళ పేర్లు పోలీసు కాగితాల్లో మిగిలిపోతాయి.

మిత్రులకి ఒక మనవి. ఊళ్ళకి వెళ్ళినప్పుడు దెయ్యాలున్నాయా దేవుడున్నాడా అని మొదలుపెట్టకండి. ఆవు ముందు వేసిన మేత చూడండి. ఏ ఆకు, ఎన్నాళ్ళుగా, ఎంత, దాంతోపాటు ఇంకేమైనా పెడుతున్నారా, నీళ్ళు ఎన్నిసార్లు, ఆవు ఎప్పుడు ఈనింది అని అడగండి. పశువైద్యుడి ఫోన్ నంబరు రాసి ఇవ్వండి. నిందపడ్డ మనిషి ఇంటికి కూడా ఒకసారి వెళ్ళి, అందరికీ కనపడేలా అరుగు మీద కూచుని మంచినీళ్ళు అడిగి తాగి రండి. ఎండలు మొదలయ్యేది ఫాల్గుణంలో, గడ్డి అయిపోయేది చైత్రంలో. కాబట్టి ఈ పనులన్నీ ఆ లోపే చేస్తే మేలు.